తెలుగు వ్యాసం మొత్తాన్నీ డేటాబేస్‌లో పెట్టడం ఎలా

హనుమకొండలో మా డీటీపీ సెంటర్‌కు రిటైర్డ్ మాస్టార్లు పెన్‌డ్రైవ్‌లు పట్టుకొని వస్తుంటారు. వేయిస్తంభాల గుడి మీద, మేడారం మీద ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలు ఉంటాయి అందులో. "అన్నీ సైట్‌ల పెట్టు బిడ్డా, ఎప్పుడు వెతికినా దొరకాలె" అంటారు. వాళ్ల కోసం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో నేను చేసే ఏర్పాటు ఇది.

పేరాకో రో (టేబుల్‌లో అడ్డ వరుస) చొప్పున వ్యాసాన్ని ముక్కలు చేయకండి. మధ్యలో ఒక పేరా చేర్చాలంటే వరుస నంబర్లన్నీ మార్చుకుంటూ కూర్చోవాలి. ఒక వ్యాసానికి ఒకే రో. శీర్షిక, రచయిత, స్లగ్, సారాంశం, తేదీ, డ్రాఫ్టా పబ్లిష్ అయిందా అన్నది, అసలు వ్యాసం: వీటికి వేర్వేరు కాలమ్‌లు (నిలువు వరుసలు). స్లగ్ అంటే వ్యాసం వెబ్ అడ్రసులో వచ్చే చిన్న పేరు. ఒకే స్లగ్ రెండు వ్యాసాలకు పడకుండా దానికి యూనిక్ ఇండెక్స్ ఉండాలి.

అసలు వ్యాసం ఉండే కాలమ్ దగ్గరే తెలుగువాళ్లం జాగ్రత్తగా ఉండాలి. టెక్స్ట్ అనే రకంలో 65,535 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కాబట్టి వాళ్లకు అది ధారాళం. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. గుణింతం, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్‌కు ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు అదనం. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిప్పికొట్టే సెట్టింగ్) ఆపేసిన సర్వర్ అయితే పట్టనిదాన్ని కోసేసి, ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ వార్నింగ్ చూసేదెవరు? అందుకే మీడియంటెక్స్ట్ పెట్టండి, 16 ఎంబీ దాకా పడుతుంది. రామప్ప మీద పీహెచ్‌డీ థీసిస్ మొత్తం పెట్టినా నిండదు. రాసినంత మేరకే స్థలం తీసుకుంటుంది కాబట్టి నష్టమేమీ లేదు.

టేబుల్‌కూ, కనెక్షన్‌కూ రెండింటికీ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8కు పేరు) పెట్టాలి. ఒకచోట పెట్టి ఇంకోచోట వదిలేస్తే వ్యాసమంతా ప్రశ్నార్థకాలు కావచ్చు.

పాత వ్యాసాలు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉంటాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాకే ఎక్కించాలి, లేకపోతే డేటాబేస్‌లో ఉండేది తెలుగు కాదు, పిచ్చి గుర్తులు. మార్చాక ఒత్తులు కంటితో చూసుకోవాల్సిందే, ఏ కన్వర్టర్‌నూ నేను పూర్తిగా నమ్మను. వర్డ్ నుంచి నేరుగా పేస్ట్ చేస్తే అక్కర్లేని ట్యాగులు కుప్పగా వస్తాయి, అవీ తీసేయాలి. ఫోటోలు ఫోల్డర్‌లో ఉంచి, డేటాబేస్‌లో వాటి దారి మాత్రం రాయండి.

వెతుకులాటకు ఇంకో కాలమ్ చేయండి. 'వెబ్‌సైట్' అని టైప్ చేస్తే మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు అది. ఒకరు దాంతో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే ఉన్న వ్యాసం కూడా దొరకదు. ట్యాగులు, ఆ గుర్తు తీసేసిన శుభ్రమైన పాఠం ఆ రెండో కాలమ్‌లో పెట్టి, వెతికే మాటకూ అదే శుద్ధి చేయండి. పాఠకుడికి చూపించేది మాత్రం అసలు వ్యాసం ఉన్న కాలమ్‌నే.

జాబితా పేజీకి శీర్షిక, సారాంశం మాత్రమే తెప్పించండి, లేదంటే ప్రతి వ్యాసమూ మొత్తం మోసుకొస్తుంది. మార్పులకు ముందటి పాఠాన్ని విడి టేబుల్‌లో తేదీతో దాచండి. మాస్టార్లు మొన్న కొట్టేసిన పేరానే ఇవాళ మళ్లీ అడుగుతారు.

రోజూ రాత్రి మైఎస్‌క్యూఎల్ డంప్ అనే దాని సొంత టూల్‌తో బ్యాకప్ తీయండి. అప్పుడప్పుడూ దాన్ని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, పొడవైన వ్యాసం ఒకటి తెరిచి చివరి పేరా దాకా చదివి చూడండి.