తుపాకీ నేర్చుకోవాలంటే ఏ క్లాసులో చేరాలి?

రిటైరై రాజోలు వచ్చేశాక నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: "మాస్టారూ, తుపాకీ కాల్చడం ఎక్కడ నేర్పుతారండీ?" సైన్యంలో నా సర్వీసు చాలావరకు ఫైరింగ్ రేంజిలోనే, రిక్రూట్లకు ఆయుధం నేర్పే ఉస్తాదుగా గడిచింది. అందుకే నా దగ్గరికొస్తారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: దేనికి? ఆటకా, లైసెన్సుకా, ఉద్యోగానికా? దేని క్లాసు దానిదే. అవసరం తేల్చుకోకుండా ఫీజు కట్టేస్తే డబ్బూ పోతుంది, పనికొచ్చేదీ రాదు.

పిల్లలకైతే ఎయిర్ రైఫిలుతోనే మొదలుపెట్టండి. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు), పది మీటర్ల దూరం. పోటీ టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. 2008లో అభినవ్ బింద్రాకు ఒలింపిక్ స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఈ ఈవెంట్‌లోనే. ఈ క్లాసులో నేర్పేది కదలకుండా నిలబడటం, ఊపిరి సగం వదిలి ఆపడం, ట్రిగ్గర్ నొక్కడం, పెల్లెట్ వెళ్ళిపోయాక కూడా క్షణంసేపు గురి వదలకపోవడం. వినడానికి చిన్న విషయాలే. నెలల తరబడి వీటి మీదే కూర్చోబెట్టే కోచ్ దొరికితే వదలకండి.

ట్రిగ్గర్ దగ్గర కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే గురి ఎక్కువగా చెడేది ఇక్కడే. ఖాళీ రైఫిలు ఎత్తించి, బ్యారెల్ చివర ముందు సైటు (గురి చూసుకునే మొన) వెనక రూపాయి బిళ్ళ పెడతాను. ట్రిగ్గర్ నొక్కాక బిళ్ళ కింద పడకూడదు. మొదట్లో పడుతుంది. చూస్తే, వేలు రెండో కణుపు దాకా లోపలికి దూర్చి ఉంటారు. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం మాత్రమే ట్రిగ్గర్‌కు తగలాలి. నిమ్మచెక్క పిండినంత నిదానంగా, తిన్నగా వెనక్కి నొక్కాలి. ఎప్పుడు పేలుతుందా అని మనసు ఎదురుచూస్తే భుజం ముందే బిగుస్తుంది, గురి పోతుంది. ఒక జాగ్రత్త: స్ప్రింగ్ రకం ఎయిర్ రైఫిలును పెల్లెట్ లేకుండా పేల్చకండి, లోపల పిస్టన్, సీల్ దెబ్బతింటాయి. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిళ్ళలో ఇందుకు డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే ఏర్పాటు విడిగా ఉంటుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి క్లాసు అయ్యాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. ఈ మాట చెప్పని కోచ్ దగ్గర పిల్లల్ని ఉంచొద్దు.

కాలేజీలో ఉన్నవాళ్ళకు ఎన్‌సీసీని మించినది లేదు. ఫీజు కట్టక్కర్లేదు. పాయింట్ టూటూ (.22 బోరు) రైఫిలు, బోర్లా పడుకుని కాల్చడం. విప్పడం, బిగించడం, శుభ్రం చేయడం కూడా నేర్పుతారు. ఇక్కడ అబ్బే అసలు విద్య గ్రూపింగ్. ఐదు రౌండ్లు ఒకే చోట గురిపెట్టి కాల్చిస్తారు. రంధ్రాలు ఎడాపెడా చెదిరితే లోపం కాల్చిన మనిషిది. అన్నీ ఒకే చోట కుప్పగా, మధ్యకు దూరంగా పడితే మనిషి చేతిలో స్థిరత్వం ఉన్నట్టే, సైటు సరిచేసుకుంటే చాలు. తన టార్గెట్ కాగితం తానే చదువుకోగలిగిన కేడెట్‌కు ఉస్తాద్ అవసరం సగం తగ్గుతుంది.

అగ్నివీర్‌కు సిద్ధమయ్యే కుర్రాళ్ళు "ఫైరింగ్ ట్రైనింగ్ ఇస్తాం" అనే బోర్డు చూసి వేలకు వేలు కడుతున్నారు. బాధగా ఉంటుంది. ఎంపికలో ఫైరింగ్ లేదు. రాత పరీక్ష, 1.6 కిలోమీటర్ల పరుగు, దేహదారుఢ్యం, మెడికల్. తాడేపల్లిగూడెం వైపు మిలిటరీ మాధవరం వెళ్ళి ఏ పాత సిపాయిని అడిగినా ఇదే చెబుతాడు. ఆయుధం సైన్యమే నేర్పుతుంది, జీతమిచ్చి మరీ. ఆ డబ్బుతో మంచి బూట్లు, గుడ్లు కొనుక్కోండి.

ఇక లైసెన్సు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం సేఫ్టీ ట్రైనింగ్ కోర్సు ఉంది. పూర్తిచేస్తే ఫారం ఎస్-1 సర్టిఫికెట్ ఇస్తారు. అందులో నేర్పేది పట్టుకోవడం, తీసుకెళ్ళడం, కాల్చడం, ఇంట్లో పిల్లలకు అందకుండా భద్రపరచడం. చెరువుల రైతులు కొందరు "నీటికాకులు రొయ్యల్ని తినేస్తున్నాయండీ, లైసెన్సు తీసుకుంటే కాల్చుకోవచ్చు కదండీ?" అంటారు. ఆయ్, కుదరదండీ. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. లైసెన్సు ఉన్నా పక్షిని కాల్చే హక్కు రాదు. చెరువు మీద వల, తాళ్ళు కట్టించుకోవడమే దారి.

డబుల్ బ్యారెల్ 12 బోరు తుపాకీ ఉన్న ఇంట్లో అన్నిటికన్నా ముందు రావలసింది దాన్ని ఖాళీ చేయడం. మూతిని మనుషులు లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, తుపాకీని మడిచి తెరవాలి. రెండు గొట్టాల్లోకీ కంటితో చూడాలి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. తెరిచి ఉంచే అవతలివాళ్ళ చేతికివ్వాలి. తీసుకున్నవాళ్ళు మళ్ళీ మొదటి నుంచీ చూసుకోవాలి. ఇప్పుడే చూశాం కదా అన్నమాట ఒప్పుకోకండి.

బ్యాంకు గన్‌మాన్, క్యాష్ వ్యాన్ ఉద్యోగాలకు సెక్యూరిటీ ఏజెన్సీలు ఇచ్చే ట్రైనింగ్ వేరు. మాజీ సైనికులు "మాకు తెలియనిదా" అనుకుని తేలిగ్గా తీసుకుంటారు. సైన్యంలో ఎదురుగా శత్రువు, ఇక్కడ ఎదురుగా పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మలు. జనం మధ్య తుపాకీ మూతి ఎటు ఉండాలి, ఎప్పుడు కాల్చకూడదు అనేది కొత్తగా నేర్చుకోవలసిందే.

భీమవరం, అమలాపురం పిల్లలు అమెరికా నుంచి ఫోన్ చేసి అడిగేది మరొకటి. అక్కడ బిగినర్ పిస్టల్ క్లాసులు, వేట లైసెన్సుకు హంటర్ ఎడ్యుకేషన్, ఒంటి మీద పిస్టల్ పెట్టుకుని తిరగడానికి క్యారీ క్లాసులు ఉన్నాయి. టెక్సస్ క్యారీ లైసెన్సులో నాలుగు నుంచి ఆరు గంటల పాఠం, 50 రౌండ్ల పరీక్ష ఉంటాయి. అయితే ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడు రేంజికి రమ్మన్నాడని వెళ్ళిపోకుండా ముందు లాయర్ని అడగరా అబ్బాయి.

ఎక్కడ చేరినా మొదటిరోజు ఒక గంట ఊరికే కూర్చుని చూడండి. గుళ్ళను ఆపే మట్టి కట్ట ఎత్తుగా ఉందా, కాల్చేటప్పుడు ఎర్రజెండా ఎగరేస్తున్నారా, అందరి చెవులకూ మఫ్‌లు ఉన్నాయా, "ఆపు" అనగానే అందరూ ఆపుతున్నారా. వచ్చినరోజే చేతికి గుళ్ళిచ్చి సెల్ఫీలు తీసే చోట ఫీజు కట్టొద్దు. ఖాళీ తుపాకీతో రోజులు గడిపించే చోటే కట్టండి.

మన వైపు ఇంకో పాఠం తప్పనిసరిగా అడిగి నేర్చుకోవాలి: క్లీనింగ్. అంతర్వేది నుంచి వీచే ఉప్పుగాలికీ, వానాకాలం చెమ్మకీ బ్యారెల్ తొందరగా తుప్పు పడుతుంది. కాల్చినరోజే పొడిగుడ్డ ముక్కలు లోపలి నుంచి లాగాలి, ముక్క తెల్లగా వచ్చేదాకా. తర్వాత పల్చగా గన్ ఆయిల్. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. తోలు కవర్లో పెట్టి మరిచిపోవద్దు, తోలు చెమ్మ పీల్చి ఇనుముకు పట్టిస్తుంది. వానాకాలంలో వారానికోసారి తీసి తుడవండి. మళ్ళీ కాల్చే ముందు బ్యారెల్‌లో మిగిలిన నూనె పొడిగుడ్డతో తీసేయండి, లేకపోతే మొదటి గుండు గురి తప్పుతుంది.