నోట్సు బాగుంటుంది, పరీక్షలో సున్నా: చదవలేని పిల్లల దగ్గర ముందు ఏం చూడాలి?

సమస్య: బోర్డు మీదది తప్పులతో ఎక్కిస్తారు, పిలిస్తే పలకరు.

ముందు కళ్లు, చెవులు. ఇంత తేలికైన పరీక్ష వదిలేసి "శ్రద్ధ లేదు" అని రాసేస్తున్నారు. ఆర్‌బీఎస్‌కే (బడిలోనే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందం బడికి వచ్చిన రోజు ఆ పిల్లాడు హాజరయ్యాడా? రిజిస్టర్ తీసి చూడండి. రాకపోతే పరీక్ష జరగలేదన్నమాటే, పీహెచ్‌సీకి పంపించండి. ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే పిల్లలైతే తెలుగు మాటే అర్థం కావడం లేదేమో చూడండి. అది లోపం కాదు.

సమస్య: అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, పాఠం గడగడా అప్పజెబుతాడు, పరీక్షలో తెల్లకాగితం.

అసలు చిక్కు ఇక్కడే. ఈ పిల్లాడు చదవడం లేదు. బోర్డు మీది అక్షరాన్ని బొమ్మలా చూసి గీస్తున్నాడు. పాఠం అందరితో కలిసి పలికి పలికి నోటికొచ్చేసింది. జ్ఞాపకశక్తి బాగున్న పిల్లల్లో ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. నోట్సులో టిక్కులు చూసి ఇంట్లోవాళ్లూ మురిసిపోతారు. నాలుగు, ఐదు తరగతుల్లో పాఠాలు పెద్దవయ్యాక గుర్తుపెట్టుకోవడం కుదరదు. అప్పుడు "బద్ధకం" అనే ముద్ర పడుతుంది. ఆ మాట పిల్లాణ్ణి ఎంత కుంగదీస్తుందో దయచేసి ఆలోచించండి.

తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. పుస్తకం మూసేసి పలక మీద గది, కాలు, చెట్టు, రాత్రి విడివిడిగా రాసి చదివించండి. తర్వాత "గిమ", "లపు" లాంటి అర్థం లేని మాటలు రాయండి. వాటిని ఊహించి చెప్పలేరు, చదవాల్సిందే. ఎక్కడ ఆగాడో రాసుకోండి: మ-య, ప-వ తేడా దగ్గరా, గుడి-గుడిదీర్ఘం దగ్గరా, ఒత్తు దగ్గరా? తర్వాత ఒక లెక్కను మీరే చదివి వినిపించండి. నోటితో సరిగ్గా చెబితే లెక్క వచ్చు, చదవడమే రాదు.

ఏం చేయాలంటే, ఆగిన చోటు నుంచే మొదలుపెట్టాలి. గుడి దగ్గర ఆగితే ఆ వారమంతా గుడి ఒక్కటే: గది, నది, గిరి, గిలక. రోజూ పది నిమిషాలు, వచ్చిన మాటలతో రెండు చిన్న వాక్యాలు. మళ్లీ "అ" నుంచి వర్ణమాల మొత్తం దిద్దించకండి, వచ్చిందే మళ్లీ రాస్తూ విసిగిపోతారు. ముందుగా చెప్పకుండా క్లాసులో నిలబెట్టి చదివించొద్దు. ఈలోగా సైన్సు, సోషల్ ప్రశ్నలు నోటితోనే అడగండి.

సమస్య: మూడు పనులు చెబితే ఒక్కటే చేస్తాడు.

ఒక్కోటి చెప్పండి, తిరిగి చెప్పించండి. చాలామందికి ఇదే సరిపోతుంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ క్షణంపాటు శూన్యంలోకి చూసి ఆగిపోవడం తరచూ కనిపిస్తే డాక్టరుకు చూపించండి. ఇది అరుదు.

కొన్ని నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచేది), అక్కడ వాళ్లకు నేర్పే టీచరు ఐఈఆర్‌పీకి చెప్పండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ఇబ్బందిని) గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెబితే జవాబు రాసిపెట్టే మనిషి) అడగొచ్చు. దానికోసం పదిలో పరుగెత్తకండి, ఎనిమిదిలోనే మొదలుపెట్టండి. పలక మీద చదివించిన మాటలు, పిల్లాడు ఆగిన చోట్లు తేదీలతో సహా మీరు రాసి దాచిన కాగితాలు అప్పుడు వెంట తీసుకెళ్లండి.