కార్తీక ముహూర్తాలకు ముందు పాత కెమెరా కొంటున్నారా?

కార్తీకం దగ్గరపడే సరికి తిరుపతి ఫోటోగ్రాఫర్లకు రెండో కెమెరా గుర్తుకొస్తుంది. తిరుచానూరులో ఒక పెళ్లి, శ్రీనివాస మంగాపురంలో మరొకటి ఒకే రోజు ఒప్పుకున్నవాళ్లు సెకండ్ హ్యాండ్ దుకాణాల చుట్టూ తిరుగుతారు. ఆ తొందరలోనే మోసపోతాం.

'ఏ గ్రేడు', 'కొత్తదానిలాగే ఉంది' అనే మాటలకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. చాలాసార్లు పైతొడుగు మెరుపు చూసి ఇచ్చే గ్రేడే అది. ముందు షట్టర్ లెక్క, అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో అడగండి. నికాన్ డీ750 కెమెరా షట్టర్‌ను 1,50,000 క్లిక్కులకు పరీక్షించారు. పెళ్లికి రెండు మూడు వేల ఫోటోలు తీసే మనకు, 1,20,000 దాటిన కెమెరాలో ఆ లెక్కన మిగిలేది పది పదిహేను పెళ్లిళ్లే. నికాన్‌లో అప్పుడే తీసిన ఫోటో ఫైల్లో ఈ అంకె దొరుకుతుంది. కెనాన్‌లో చాలా మోడళ్లకు దొరకదు, సర్వీసు కేంద్రంలో చూపించాలి.

లెన్సు దగ్గర ఇంకా నిదానించండి. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఫోను టార్చిని వెనుక నుంచి ఏటవాలుగా వేయండి. నాలుగు ధూళి చుక్కలున్నా ఫరవాలేదు. అంచున సాలీడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, అంటే లెన్సు లోపల పట్టిన బూజు. ఒక 70-200 లెన్సును నేను ఇలా చూడకుండానే కొన్నాను. తలంబ్రాల ఫోటోల్లో దీపాల చుట్టూ పాలపొర కమ్మినట్టు వచ్చింది. ఆ వధూవరుల తల్లిదండ్రులకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

2021 నవంబరు వరదలు మనకు గుర్తే. తడిసిన కెమెరాను తుడిచిపెడితే పైకి తెలియదు. బ్యాటరీ అరలో పచ్చటి పొర, ట్రైపాడ్ బిగించే రంధ్రంలో తుప్పు ఉన్నాయేమో చూడండి. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట. ఏం మార్చారో అడగండి.

సీరియల్ నంబరు, షట్టర్ లెక్క, 'ఫంగస్ లేదు' అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. లోపాన్ని తానే ముందు చూపించే దుకాణదారుకు నేను వెయ్యి ఎక్కువైనా ఇస్తాను. రాయడానికి వెనకాడితే బయటకు వచ్చేయండి. ముహూర్తానికి రెండు వారాల ముందే కొని, ఏదైనా నామకరణానికి తీసుకెళ్లి, రెండు కార్డు స్లాట్లలోనూ ఫోటోలు తీసి చూసుకోండి.