మీ ఊరి వికీపీడియా పేజీలో రాసింది నిలవాలంటే

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. నెల్లూరు, ప్రకాశం పల్లెల పేజీలు వెతికితే దొరుకుతాయి గానీ, చాలావాటిలో ఉన్నది 2011 జనగణన లెక్కలే: బడి, తాగునీరు, పారిశుధ్యం, భూమి వినియోగం. మిగతాది ఊరు తెలిసినవాళ్లు పూనుకుంటేనే చేరుతుంది. రాయడం తేలికే, రాసింది ఉండటమే కష్టం.

ముందు ఖాతా తెరవండి. ఈమెయిలు తప్పనిసరి కాదు, కానీ ఇవ్వకపోతే సంకేతపదం మర్చిపోయిన రోజున ఖాతా పోయినట్టే. బడి పేరో, సంఘం పేరో వాడుకరి పేరుగా పెట్టొద్దు. ప్రచారానికి వచ్చారనుకుని నిరోధిస్తారు. చెయ్యి తిరిగేదాకా ప్రయోగశాలలో, అంటే సాధన కోసం ఉన్న పేజీలో, రాసి చూసుకోండి.

తొలి దిద్దుబాటుకు జిల్లా పేరు సరిగ్గా పనికొస్తుంది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతిలోకి పోయాయి. ఆ తర్వాతి సంగతికి తాజా గెజిట్ చూసుకోండి. చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు: జనగణన లెక్క పక్కనున్న పాత జిల్లా పేరును కూడా మార్చేస్తారు. ఆ లెక్క తీసింది పాత జిల్లాలో. "2011 నాటికి ఫలానా జిల్లా" అని ఉంచి, తర్వాతి మార్పును విడి వాక్యంగా రాయాలి. జనాభా అంకె పాతబడిందని తీసేసి, ఊళ్లో అనుకునే అంకె పెట్టడం అంతకంటే తప్పు.

ఇక మూలాలు. చెరువు కలుజు ఎటు పొర్లుతుందో ఊరంతటికీ తెలుసు, కానీ అది చాలదు. దినపత్రిక జిల్లా పేజీ వార్తో, నీటిపారుదల శాఖ పత్రమో తేదీతో చూపాలి. గుడి కథకు స్థలపురాణం ఒక్కటే ఉంటే "స్థానికుల కథనం" అనే రాయండి. శాసనముంటే పని సులువు: నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా 1905లో మద్రాసులో అచ్చయ్యాయి. అప్పటి జిల్లాలో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఉండేవి కాబట్టి ప్రకాశం వాళ్లూ అందులో వెతకాలి. వార్తను ఉన్నదున్నట్టు దించితే మాత్రం కాపీహక్కుల కింద తీసేస్తారు. "సుందరమైన", "ప్రఖ్యాత" లాంటి పొగడ్తలూ నిలవవు, నిలవకపోవడమే మంచిది.

మీ మార్పు పోతే వెంటనే మళ్లీ పెట్టకండి. చరిత్ర ట్యాబులో కారణం ఉంటుంది, చదవండి. ఒప్పుకోలేకపోతే చర్చ పేజీలో మూలం చూపి అడగండి, చివర నాలుగు టిల్డెలు (~~~~) కొడితే మీ సంతకం పడుతుంది. అక్కడా తేలకపోతే రచ్చబండ, అంటే తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీ.

ఫొటోలు మీరు తీసినవే కామన్స్‌లోకి, అంటే వికీపీడియా బొమ్మలు దాచే సైటులోకి, ఎక్కించండి. వాట్సాప్‌లో తిరిగే తిరునాళ్ల ఫొటో ఎవరు తీశారో తెలియదు కాబట్టి పనికిరాదు. స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చాక, మీ పేరు వేసి ఎవరైనా వ్యాపారానికీ వాడుకోవచ్చు, ఇష్టమైతేనే ఎక్కించండి. ఫైలు పేరులో ఊరు, మండలం, బొమ్మలో ఏముందో రాయండి.