కరెంటు పోయొచ్చాక ప్రింటర్ దొరక్కపోతే

విజయనగరం, బొబ్బిలి జిరాక్స్ షాపుల్లో తరచూ ఉండే గొడవే ఇది. కరెంటు పోయొచ్చాక వైఫై ప్రింటర్‌కి రౌటర్ ఒక్కోసారి కొత్త ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు చిరునామా) ఇచ్చేస్తుంది, కంప్యూటరేమో పాతదాన్నే వెతుకుతుంటుంది. ఆధార్ కాపీ కోసం జనం నిలబడే ఉంటారు, ప్రింటు మాత్రం రాదు.

ఆ కొత్త ఐపీ కనుక్కోవడానికి ల్యాప్‌టాప్‌ని అదే వైఫైకి కలిపి, వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్‌లో తిరిగే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కల్ని, చూపించే సాఫ్ట్‌వేర్) వైఫై అడాప్టర్ మీద క్యాప్చర్ మొదలెట్టండి. పైనున్న ఫిల్టర్ గడిలో ఎండీఎన్ఎస్ (ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు తమ పేర్లు చాటుకునే పద్ధతి) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, mdns అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు ప్రింటర్ ఆపి ఆన్ చేయండి. లేవగానే అది ఇందుకోసమే ఉన్న 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకి, 5353 పోర్టు (సర్వీసు నంబరు) మీద తన వివరాలు చాటుతుంది.

ఇన్ఫో గడిలో 'క్యూఎం క్వశ్చన్' అని ఉన్నవి ఉత్త ప్రశ్నలు, చాలావరకు ఫోన్లు అడిగేవే. వాటిని వదిలేసి 'రెస్పాన్స్' ఉన్న వరస నొక్కండి. కింద ఆన్సర్స్ విప్పితే ఎస్ఆర్‌వీ (SRV) వరసలో ప్రింటర్ పేరు, పోర్టు (నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతి ఐపీపీ అయితే మామూలుగా 631), 'A' అనే వరసలో ఐపీ కనిపిస్తాయి. 'A' వరస అక్కడ లేకపోతే అడిషనల్ రికార్డ్స్‌లో చూడండి, చాలామంది అక్కడిదాకా వెళ్లరు.

గెస్ట్ వైఫైలోనో, రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటేనో మామూలుగా ప్రింటర్ నుంచి ఏమీ రాదు. ఈ ప్యాకెట్లు రౌటర్ దాటి వేరే నెట్‌వర్క్‌కీ వెళ్లవు.