అమరవీరుల కుటుంబాలకు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గించడం ఎలా

కరెంటు బిల్లు తప్పుగా వచ్చిందనో, ఒక సర్టిఫికెట్ కోసం మళ్లీ మళ్లీ తిప్పుతున్నారనో ఎవరైనా విసుక్కుంటే, ‘సరిహద్దులో సైనికుడు మంచులో నిలబడుతుంటే నువ్వు గంటసేపు లైన్లో నిలబడలేవా’ అని గద్దించేవాళ్లు ఉంటారు. అది సైనికుడికి గౌరవమిచ్చే మాట కాదు. పని చేయని కార్యాలయం మీద ఫిర్యాదు చేస్తే ఎవరి త్యాగమూ తక్కువైపోదు. పైగా భర్తను యుద్ధంలో పోగొట్టుకున్న ఇల్లాలు కూడా ఆ లైన్లోనే నిలబడుతుంది. ఆమెకు ఆ నిరీక్షణ తగ్గించడమే మనలాంటివాళ్లం చేయగల నిజమైన గౌరవమని నా నమ్మకం.

అడగకుండా మీదపడి సాయం చేయవద్దు. ‘కాగితాల పని ఏదైనా ఆగి ఉంటే చెప్పండమ్మా, తోడు వస్తాను’ అని ఒక మాట అని, ఆమె ఒప్పుకున్నాకే వెళ్లండి. ఓటీపీలు, పాస్‌వర్డులు ఆమె దగ్గరే ఉండాలి. ఒరిజినల్ కాగితాలు మీ ఇంటికి తెచ్చుకోకండి, సాయం చేస్తున్నట్టు ఫొటోలు తీయకండి.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసింది పేర్ల దగ్గర. మన వైపు ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరొక దానిలో వెనుక ఉంటుంది. సర్వీసు రికార్డులో ‘లక్ష్మి’ అని ఉన్నావిడ ఆధార్‌లో ‘లక్ష్మమ్మ’ అవుతుంది. పుట్టిన తేదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇంత చిన్న తేడాకే పెన్షన్ ఆగిపోతుంది. కాబట్టి పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఉత్తర్వు), ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, భర్త డెత్ సర్టిఫికెట్ వరుసగా బల్ల మీద పెట్టి, పేరులోని ప్రతి అక్షరాన్నీ సరిచూసి, తేడాలను ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. సర్వీసు రికార్డులో తప్పుంటే దాన్ని సరిదిద్దేది ఆ రెజిమెంటు రికార్డ్ ఆఫీసు. అఫిడవిట్‌తో దరఖాస్తు ఎలా పంపాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో అమరుల పేర్లను గ్రానైట్ మీద చెక్కారు. అక్కడ భర్త పేరు మీద చూపిన శ్రద్ధే ఇక్కడ భార్య పేరు మీదా చూపాలి.

తరువాత చూడవలసింది పెన్షన్ ఏ రకం కింద మంజూరైందన్నది. సాధారణ కుటుంబ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం. సర్వీసు కారణంగా మరణిస్తే వచ్చే ప్రత్యేక కుటుంబ పెన్షన్ 60 శాతం. యుద్ధంలో మరణించినవారి కుటుంబానికి వచ్చే లిబరలైజ్డ్ కుటుంబ పెన్షన్ 100 శాతం. మరణాన్ని ఏ వర్గంలో నమోదు చేశారన్న ఒక్క మాట మీద ఆ ఇంటి ఆదాయమంతా ఆధారపడుతుంది గనుక, పీపీఓలో ఆ మాటను కళ్లారా చదవండి. అనుమానముంటే రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించండి. 30 రోజుల్లో జవాబివ్వాలని 2005 నాటి ఆ చట్టమే చెబుతోంది. పెన్షన్ జమ కాకపోతే ముందు రక్షణ శాఖ పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌లో, అక్కడ పరిష్కారం దొరకకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరును రాసి దాచండి. వర్గీకరణే తప్పని తేలితే, 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

బ్యాంకుకూ ఒకసారి వెళ్లాలి. సైనికుల జీతం ఖాతాలకు చాలా బ్యాంకులు ప్రమాద బీమా జతచేస్తాయి, కానీ ఆ సంగతి తెలియని కుటుంబాలున్నాయి. క్లెయిముకు గడువు ఉంటుంది కాబట్టి ఆ ఖాతాకు ఏ బీమా ఉందో మేనేజరును రాతపూర్వకంగా అడగండి. చనిపోయినవారి పేరు మీదున్న ఫోను, గ్యాస్ లాంటి కనెక్షను మార్చకుండా, బిల్లులు మాత్రం పంపుతూ తిప్పించే కంపెనీ ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఆ సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

డబ్బు రూపంలో ఇవ్వదలచినవారికి సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి ఉంది. 1949 నుంచి డిసెంబర్ 7న ఆ దినం జరుపుకుంటున్నాం. విరాళం ఏ రోజైనా ఇవ్వవచ్చు.

ఈ పనులన్నీ ముగిసినా ఏటా చేయవలసినది ఒకటి మిగులుతుంది. తాను బతికే ఉన్నానని తెలిపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ నిలిచిపోతుంది. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దావిడకు యంత్రం పదేపదే తిరస్కరిస్తే, ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపి పూర్తిచేసే పద్ధతి ఉంది, దాన్ని ఇంట్లోనే ఫోనులో చేయించవచ్చు. ఆ గడువు తేదీని మీ క్యాలెండరులో కూడా రాసుకుని, వారం ముందే ఆమెకు ఫోన్ చేయండి.