గాలి రోజుల్లో బాస్ వేట: పడవ దింపే ముందు చూసుకోవాల్సినవి

వసంతంలో గాలి వీస్తే బాస్ చేప చురుగ్గా మేతకు వస్తుంది. నీటి పైభాగం కదలడంతో లోపలికి వెలుతురు తగ్గి చేపకు బెరుకు పోతుంది. గాలి తోసుకొచ్చే నీటి నలుసుల కోసం చిన్న చేపలు, వాటి కోసం బాస్ ఒడ్డు దగ్గరికి చేరతాయి. అందుకే బాగా తెలిసినవాళ్లు గాలి నేరుగా కొట్టే ఒడ్డునే వెతుక్కుంటూ పోతారు. పడవను రాళ్ల మీదికి నెట్టేది కూడా ఆ ఒడ్డే. పైగా గాలానికి చేపలు వరసగా తగులుతుంటే గాలి ఎంత పెరిగిందో ఎవరికీ పట్టదు. ఎంత గాలి వస్తే తిరిగి వచ్చేయాలన్నది నేల మీద ఉండగానే అనుకుని, పక్కవాడికి కూడా చెప్పి బయల్దేరండి.

అన్నిటికన్నా ముందు నీళ్ల చల్లదనం గురించి చెప్పాలి. బయట ఎండ చూసి టీషర్టు మీద వచ్చేస్తారు. ఒంటికి వెచ్చగా తగిలే రోజున కూడా సరస్సు నీళ్లు ఇంకా 10, 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉండొచ్చు. బాస్ గుడ్లు పెట్టడం మొదలయ్యేదే నీళ్లు సుమారు 16 డిగ్రీలకు చేరాక. అంటే అంతకుముందు వారాల్లో వేటకు వెళ్లేవాళ్లందరూ చల్లటి నీళ్ల మీద ఉన్నట్టే. అలాంటి నీళ్లలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాగేస్తాం. ఆ క్షణాన తల మునిగి ఉంటే గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. ఒకటి రెండు నిమిషాలు నోరు నీటి పైన ఉంచుకుని ఓపిక పడితే శ్వాస కుదుటపడుతుంది. ఆ తర్వాత కాసేపటికి వేళ్లు మొద్దుబారతాయి. తాడు పట్టు దొరకదు, బకిల్ పెట్టుకోవడం చేతకాదు. గజ ఈతగాళ్లయినా ఇంతే. కాబట్టి లైఫ్ జాకెట్ సీటు కింద దాచేది కాదు, పడవ ఎక్కకముందే వేసుకునేది. ఈ ఒక్కదానిలో నేను ఎవరితోనూ రాజీపడను. గ్యాస్‌తో ఉబ్బే రకమైతే సిలిండర్ వాడేసినదేమో, సరిగా బిగించి ఉందో లేదో ముందురోజే విప్పి చూడండి.

ఇక గాలి. వాతావరణ యాప్‌లో మామూలు వేగం ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, మధ్యమధ్యలో విసిరికొట్టే ఈదురుగాలి వేగం కూడా చూడండి. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో హాయిగా తిరిగిన పడవ 30లో చెప్పుచేతల్లో ఉండకపోవడానికి కారణం ఇదే. యాప్ లేకపోయినా నీళ్లే చెబుతాయి. అలల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే గాలి సుమారు 15 కిలోమీటర్లు దాటినట్టు. ఎటు చూసినా నురగే ఉంటే 20 దాటేసినట్టు. చిన్న పడవ ఉన్నవాళ్లకు నా సలహా, ఈ రెండో స్థితిలో పెద్ద నీళ్లలోకి వెళ్లొద్దు.

పడవ దించే చోట నిలబడి సరస్సును అంచనా వేయడంలో ఒక మోసం ఉంది. గాలి మీ వీపు వైపు నుంచి వస్తుంటే ఎదురుగా నీళ్లు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. చెట్లు, గట్టు గాలిని అడ్డుకోవడం వల్ల అలా ఉంటుంది. గాలి నీటి మీద ఎంత దూరం అడ్డులేకుండా సాగితే అల అంత పెద్దదవుతుంది. లోతు తక్కువున్న సరస్సులో ఆ అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. కాబట్టి దూరపు ఒడ్డు వైపు చూడండి, వీలైతే బైనాక్యులర్స్‌తో.

ముందు ఎదురుగాలి వైపు వెళ్లి, వాలుగాలిలో తిరిగి రావడం మేలు. ఇంజిన్ మొరాయించినా గాలే మిమ్మల్ని బయల్దేరిన వైపుకి తెస్తుంది. అలాగని గాలి కొట్టే ఒడ్డును పూర్తిగా వదులుకోనక్కర్లేదు. సరస్సు ఈ చివర నుంచి ఆ చివరకు గాలి ఊడ్చుకొచ్చే ఒడ్డు బదులు, చిన్న పాయలో గాలి తగిలే వైపు ఎంచుకోండి. అక్కడికీ చిన్న చేపలు కొట్టుకొస్తాయి, అల మాత్రం ఎదగదు. పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉంచి, ఒడ్డుకు దూరంగా ఉండి గాలం విసరండి. పడవను నెమ్మదిగా జరిపే చిన్న కరెంటు మోటార్ (ట్రోలింగ్ మోటార్) బ్యాటరీ గాలిలో ఊహించనంత త్వరగా అయిపోతుంది, అందుకే పెద్ద ఇంజిన్ ఎప్పుడంటే అప్పుడు స్టార్ట్ అయ్యేలా ఉండాలి.

లంగరు ఎప్పుడూ ముందు కొస నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే ఇంజిన్ బరువుతో ఇప్పటికే కిందికి దిగి ఉన్న భాగం మీదికి అల ఎక్కుతుంది, నిమిషాల్లో పడవ నిండిపోతుంది. తాడు లోతుకు ఏడింతలు వదిలితే లంగరు నేలను పట్టుకుంటుంది. నిటారుగా వేలాడే తాడుతో అది ఈడ్చుకుపోతుంది.

పెద్ద అలలు దాటాల్సి వస్తే వేగం తగ్గించి, అలను కాస్త ఏటవాలుగా తీసుకోండి. అందరూ కూర్చోవాలి. నడిపేవారు పడిపోతే ఇంజిన్‌ను ఆపేసే తాడు వాళ్ల ఒంటికి తగిలించి ఉండాలి. వాలుగాలిలో వస్తున్నప్పుడు హుషారుగా పోనిస్తే పడవ ముక్కు ముందున్న అలలోకి దూరిపోతుంది, జాగ్రత్త. ముందు డెక్ మీద నిలబడి విసిరేటప్పుడు మోకాళ్లు తడబడుతున్నాయంటే కూర్చుని విసరండి. అక్కడి నుంచి నీళ్లలో పడిపోవడం తేలిక.

చేపను మభ్యపెట్టే కృత్రిమ ఎరను లూర్ అంటారు. విసిరిన లూర్‌ను గాలి వెనక్కి తెస్తుంది. మూడు ముళ్ల గాలాలున్న లూర్ అయితే మరీ ప్రమాదం. తల మీదుగా కాకుండా పక్క నుంచి, కిందుగా విసరండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఇద్దరూ పెట్టుకోవాలి. కంట్లో గాలం గుచ్చుకుంటే అక్కడ లాగే ప్రయత్నం చేయొద్దు. కంటికి ఒత్తిడి తగలకుండా ఏదైనా గట్టి కప్పు అడ్డుపెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఉరుము వినిపిస్తే వేట ఆపేయండి. గ్రాఫైట్ గాలం కర్ర‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది, అవన్నీ కింద పడుకోబెట్టి ఒడ్డుకు వచ్చి, భవనంలోనో కారులోనో కూర్చోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

ఇవన్నీ చూసుకున్నా గాలి ముంచుకొస్తే, బయల్దేరిన చోటికే చేరాలన్న పట్టుదల వద్దు. గాలి మరుగున్న దగ్గరి ఒడ్డుకు పడవను చేర్చి, తాడు కట్టి ఆగండి. పగటి వేడికి లేచిన గాలి సాయంత్రానికి తరచుగా నెమ్మదిస్తుంది. చీకటి పడుతుందని టెన్షన్ పడకుండా ఉండాలంటే టార్చి, పొడి బట్టలు, నీళ్లు సంచిలో ఉండాలి. ఫోన్ నీళ్లు దూరని కవర్‌లో పెట్టుకుని ఒంటి మీదే ఉంచుకోండి. పడవ తిరగబడితే దాన్ని వదిలి ఈదకండి. వెతికేవాళ్లకు మనిషి తలకన్నా పడవ ముందు కనిపిస్తుంది. ఏ వైపు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఆ టైమ్ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో ఒక కాగితం మీద రాసి ఉంచండి.